ముప్పై రోజుల్లోగా జవాబు

ఫిబ్రవరి 11, 2012, శనివారం. నోవై, మిషిగన్

ఈ ఇంట్లో మెయిల్‌బాక్స్ తాళంచెవి పిన్ని ఒక్కదాని దగ్గరే ఎందుకుంటుందో ఇవాళ తెలిసింది.

మధ్యాహ్నం నేను డ్రైవ్‌వే మీద మంచు తోస్తున్నాను. పిన్ని వీధి చివర మెయిల్ తీసుకుని కార్లో వచ్చింది. వచ్చి దిగలేదు. ఇంజన్ ఆపేసి స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. చలికి అద్దాలు మసకబారిపోతున్నాయి. వెళ్ళి అద్దం మీద కొడితే ఒళ్ళో ఉన్న పొడుగాటి కవరు చటుక్కున హ్యాండ్‌బ్యాగ్ కిందకి తోసింది. ఇండియా స్టాంపులు కనపడనే కనపడ్డాయి.

"మీ బాబాయికి చెప్పకు," అంది. మొదటి మాట అదే.

ఆ తర్వాత కార్లోనే, హీటర్ పెట్టుకుని, మొత్తం చెప్పింది. వీరభద్రం మామయ్య గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ కోసం బ్యాంకులో అప్పు తీసుకున్నాడని నాకు తెలుసు. అది తగలబడిందనీ, మామయ్య బెంగుళూరు పోయి ఎవరి ఫోనూ ఎత్తడం లేదనీ తెలుసు. ఆ అప్పుకి పిన్ని హామీ సంతకం పెట్టిందని మాత్రం తెలీదు. అమ్మకీ తెలీదనుకుంటాను. 2006లో పిన్ని సెలవులకి వెళ్ళినప్పుడు బ్యాంకుకి తీసుకెళ్ళాడట.

"'మేనేజర్‌తో మాట్లాడాను దుర్గా, నువ్వు ఊరికే సంతకం పెట్టు చాలు' అన్నాడే. అన్నయ్య కదా. కాగితాల్లో ఖాళీలు కూడా పూర్తి చెయ్యలేదు. మేనేజర్ కాఫీ తెప్పించాడు. కాఫీ తాగే లోపల పదకొండు సంతకాలు అయిపోయినయ్."

ఊరికే సంతకం! ఒక మనిషి చేత ఊరికే సంతకం పెట్టించడం అంటే కళ్ళకి గుడ్డ కట్టి నూతి గట్టు మీద నిలబెట్టడమే. దొంగ అయినా నయం, రాత్రిపూట వస్తాడు, మన చేత తలుపు తీయించడు. మామయ్యని ఇంక మామయ్య అని రాయను. వీరభద్రం.

పిన్నికి ఈ భూమ్మీద తన పేరుతో ఉన్నది గుంటూరు అవతల మూడొందల గజాల స్థలం ఒక్కటే. పదకొండేళ్ళు డేకేర్‌లో ఇతరుల పిల్లల ముక్కులు తుడిచి కొనుక్కుంది. అది అమ్మి ఇక్కడ సొంతంగా డేకేర్ పెట్టుకోవాలని ఆశ. బ్యాంకు కేసు వేసి గెలిస్తే ముందు పోయేది ఆ స్థలమే.

ఇవాళ వచ్చిన కవర్లో ఒకటే కాగితం. వడ్డీతో కలిపి అరవై ఒక్క లక్షలు బాకీ అని రాసి, కింద "పై మొత్తం సరైనదని ధృవీకరిస్తున్నాను" అని, గీత. గీత మీద పిన్ని సంతకం చేసి పంపాలట.

వీళ్ళ సిగ్గులేనితనానికి కొలత లేదు.

ఫిబ్రవరి 12

ఉదయం పిన్ని కూతురు రియాని బాబాయి స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళగానే లాయర్‌కి ఫోన్. విశాఖపట్నంలో బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌లో వాదిస్తాడు, పేరు పరంధామయ్య. బ్యాంకు మొదటి నోటీసు వచ్చిన 2009 నుంచీ పిన్ని ఆయన్ని అడుగుతోందట, మూడేళ్ళుగా, మాకెవరికీ తెలీకుండా. స్పీకర్‌లో పెట్టింది.

"కనకదుర్గ గారూ, ఏం చెయ్యొద్దు. సంతకం పెట్టొద్దు, జవాబు రాయొద్దు, వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తొద్దు. నోటీసు ఇచ్చిన నాటినుంచి మూడేళ్ళలో వాళ్ళు మీ మీద కేసు వెయ్యాలి. మార్చి పద్దెనిమిదికి మూడేళ్ళు నిండుతాయి. అది దాటితే మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"అంటే దాక్కోమంటారా?" అన్నాను.

"ఎవరమ్మా మాట్లాడేది?"

"రేణు అండీ, మా అక్క కూతురు. ఇక్కడే ఎమ్మెస్ చేస్తోంది," పిన్ని అంది.

"లా చదువుతున్నారామ్మా?"

"కాదు. ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్."

"మంచి చదువు. అదే చదువుకోండి." కాసేపు దగ్గాడు. "దాక్కోమనట్లేదమ్మా, ఊరుకోమంటున్నాను. నిద్రపోయేవాణ్ణి లేపి టైమెంతయిందో చెప్తామా? ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. పెద్దవాళ్ళు ఊరికే అన్లేదు."

సామెతకి ఫీజు. కారణం అడిగితే, "అవన్నీ ఫోన్లో పాఠాలు చెప్పే సంగతులు కావు" అన్నాడు.

పిన్ని మాత్రం ఆయన మాటలన్నీ గ్రోసరీ లిస్టు వెనకాల రాసుకుంది.

ఫిబ్రవరి 15

నాకు రోత పుట్టేది అప్పు కాదు. అప్పు ఉంటే ఉంది. తప్పు చెయ్యని మనిషి తప్పు చేసినట్టు మెయిల్‌బాక్స్ దగ్గర వణకడం. మూడేళ్ళుగా వణుకుతోంది. ఇంకో నెల వణకమని ఆ లాయర్ సలహా.

గుంటూరు నుంచి సూట్‌కేసు అడుగున తెచ్చుకున్న కరపత్రాలు మళ్ళీ తీశాను. అన్నీ రెండ్రూపాయలవి, ఎర్ర అట్టలవి. అమ్మ ఆవకాయ సీసా చుట్టూ కుక్కితే ఒకటి నూనె పీల్చుకుంది, వడ్డీ గురించిన దాంట్లో సగం పేజీలు ఆవకాయ వాసన. పోయిన అక్టోబర్‌లో డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో బ్యాంకుల మీద నిరసనకి వేసిన గుడారాల దగ్గర పంచినవి కూడా ఉన్నాయి. అక్కడ ఒక ముసలావిడ మైకు పట్టుకుని అన్న మాట మర్చిపోలేను: వాళ్ళకి మన డబ్బు కంటే మన మౌనం ఎక్కువ లాభం.

మన మౌనం.

ఫిబ్రవరి 22

దొరికింది!

లైబ్రరీలో, టాక్స్ ఫారాల స్టాండు పక్కన. మూడు మడతల కరపత్రం, లీగల్ ఎయిడ్ వాళ్ళది. బాకీ వసూలుకి ఉత్తరం వస్తే ఏం చెయ్యాలో వరసగా ఉంది. ఊరుకోవద్దు. ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. ఊరుకుంటే బాకీ సరైనదేనని వాళ్ళు అనుకునే వీలుంది. జవాబు రుజువు ఉండేలా పోస్టు చెయ్యాలి. నకలు దాచుకోవాలి.

ఇక్కడ మామూలు జనానికి లైబ్రరీలో ఊరికే దొరికే జ్ఞానం, అక్కడ డబ్బు తీసుకునే లాయర్‌కి లేదు! లేదా ఉంది, చెప్పడు. ఊరుకోమంటాడు. బ్యాంకు కూడా సరిగ్గా అదే కోరుకుంటుంది కదా. ఎవరి మనిషి అతను?

బ్యాంకు కాగితం మీద తేదీ జనవరి 30. ముప్పై రోజులంటే ఫిబ్రవరి 29. సరిగ్గా వారమే ఉంది.

ఫిబ్రవరి 26, ఆదివారం

ఉత్తరం పూర్తయింది. నాలుగు సార్లు తిరగరాశాను. ఇంగ్లీషులోనే, కానీ నా గుండెలో తెలుగులోనే ఉంది. ఈ పేరా ఇక్కడ దాచుకుంటున్నాను:

"మేము అప్పు ఎగ్గొట్టే మనుషులం కాము. హామీ ఇచ్చాము, ఆ హామీకి కట్టుబడి ఉన్నాము. న్యాయంగా తేలిన ప్రతి రూపాయీ మా బాధ్యతే. కానీ చక్రవడ్డీ మీద అపరాధ వడ్డీ వేసి మీరు అల్లిన ఈ అరవై ఒక్క లక్షలను మేము అంగీకరించము, చెల్లించము."

తలెత్తుకుని బతికేవాళ్ళ ఉత్తరం ఇలా ఉండాలి. వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టలేదు, దాన్ని అడ్డంగా చింపి జతచేశాను.

పిన్ని వంటింట్లో గోంగూర ఒలుస్తోంది. చేతులు తుడుచుకుని చదివింది. మెల్లగా చదివింది, రెండోసారి కూడా.

"బాగా రాశావే. నేను మాట్లాడినట్టు లేదు, నేను మాట్లాడాల్సినట్టు ఉంది." నవ్వింది. తర్వాత, "లాయర్ గారు ఏం రాయొద్దన్నారు కదే?"

"మాట్లాడాను పిన్నీ. నువ్వు ఊరికే సంతకం పెట్టు చాలు."

పెట్టింది. గోంగూర పసరు మరక ఒకటి అంచున పడింది. మళ్ళీ ప్రింట్ తీద్దామంటే వద్దంది.

మాట్లాడినట్టే. ఫోన్ చేస్తే ఏమంటాడో నాకు తెలుసు, అదే సామెత మళ్ళీ. తెలిసిన మాట వినడానికి ఫోన్ కార్డు దండగ.

ఫిబ్రవరి 27

పోస్టు చేశాను. ఎక్స్‌ప్రెస్, రసీదుతో. ముప్పై రోజుల్లోగా.

మార్చి 2

చేరింది. ఇంటర్నెట్‌లో చూశాను. సంతకం చేసి తీసుకున్నారు.

మార్చి 18, ఆదివారం

పిన్ని సేమ్యా పాయసం చేసింది. బాబాయి గిన్నెలోకి వంగి, "ఏంటివాళ స్పెషల్? ఎవరి పుట్టినరోజు?" అన్నాడు.

"ఎవరిదీ కాదు. తినండి. అన్నీ కారణాలు కావాలి ఈయనకి."

నాకేసి చూసి కళ్ళతో నవ్వింది. నేను రెండు గిన్నెలు తిన్నాను. బ్యాంకు నుంచి చప్పుడు లేదు. ఉత్తరానికి బెదిరారు. లాయర్ తన సామెత గెలిచిందనుకుంటాడు, అనుకోనీ. పిన్ని ఆయనకి ఫోన్ చేసి, "గడువు దాటిందండీ, థాంక్సండీ" అంది. నా ఉత్తరం సంగతి ఆ మాటల్లో రాలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఏముంది, పని అయిపోయాక.

మే 5

ఇండియన్ స్టోర్ పక్కన ఖాళీగా ఉన్న డెంటిస్ట్ ఆఫీసు చూడ్డానికి వెళ్ళాం. బాబాయికి డేకేర్ సంగతి చెప్పింది, స్థలం అమ్ముతాననీ చెప్పింది. హామీ సంగతి చెప్పలేదు. ఇంక ఎందుకు చెప్పడం.

పిన్ని గది గదికీ తిరిగి టేపుతో కొలిచింది. ప్రతి గదిలోనూ సింకు ఉంది. "చూడవే, పళ్ళ డాక్టర్ పుణ్యమా అని పిల్లల చేతులు కడగటానికి ప్లంబర్ ఖర్చు లేదు!" ఒక కుళాయి తిప్పింది. నీళ్ళు రాలేదు. అయినా కింద చెయ్యి పెట్టి ఉంచింది.

"మమ్మీ, పేరు 'లిటిల్ చిల్లీస్' పెట్టు. గుంటూర్ కదా మనది," అంది రియా.

"మనది కాదే, నాది. నువ్వు మిషిగన్. చిల్లీస్ అంటే ఎవరైనా పిల్లల్ని పంపుతారా?"

"ఐ వుడ్. సూపర్ ఉంటది."

పసుపు రంగు గోడలు వెయ్యాలని నిర్ణయమైంది. గుంటూరులో కొనేవాడు దొరికాడట. రిజిస్ట్రేషన్‌కి పవరాఫ్ అటార్నీ కాగితాలు చెయ్యాలి.

జూలై 21

కొనేవాడు దసరా దాకా ఆగమన్నాడు. పిన్ని ఆగుతోంది. గోడ రంగుల కార్డులు ఫ్రిజ్ మీద అంటించింది, మూడు రకాల పసుపు.

అక్టోబర్ 13, శనివారం

కొరియర్ వచ్చినప్పుడు తలుపు తీసింది బాబాయి.

దొడ్డ కట్ట. ట్రిబ్యునల్ సమన్లు. ఆగస్టులో బ్యాంకు కేసు వేసిందట. వీరభద్రం మొదటి ప్రతివాది, పిన్ని రెండో ప్రతివాది. చివర జతచేసిన కాగితాల్లో ఒకటి నా ఉత్తరం. గోంగూర మరక ఫొటోకాపీలో నల్లగా పడింది.

బాబాయి డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడే చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి, "2009లో నోటీసు వచ్చిందా నీకు?" అని మాత్రం అడిగాడు. బాబాయి ఉద్యోగం పోయి పదినెలలు ఇంట్లో కూర్చున్న ఏడు అది.

"అప్పుడెలా చెప్పనండీ," అంది పిన్ని.

"చెప్పుంటే తిట్టేవాణ్ణి. అంతేగా. తిట్లు తిని ఉండాల్సింది దుర్గా." గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు. అక్కడ చేసే పనేమీ లేదు.

అక్టోబర్ 14

లాయర్‌తో. బాబాయి కూడా కూర్చున్నాడు. రాయబుద్ధి కావడం లేదు, కానీ రాస్తాను.

"ఎవరమ్మా ఈ ఉత్తరం రాసింది?" అరిచాడాయన. ఇంతవరకూ అరిచింది వినలేదు. "ముప్పై ఏళ్ళుగా బ్యాంకుల తరఫు లాయర్లు రాసినవి చూస్తున్నాను. బ్యాంకు కోసం ఇంత బాగా రాసినవాడు ఒక్కడూ కనపడలా!"

"అందులో మేము కట్టం అనే రాశామండీ," అన్నాను.

"కట్టం అని రాసినా సరేనమ్మా! బాధ్యత మాదే అని రాశారా లేదా? మూడేళ్ళు నిండేలోపు బాకీ మాదేనని రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు కొత్తగా మొదలు. వాళ్ళు ఆ కన్ఫర్మేషన్ కాగితం పంపేది అందుకే. ఎవరో ఒకరు భయపడో, మొహమాటపడో సంతకం పెడతారని. మీరు భయపడలా. పౌరుషానికి పోయి పెట్టారు. ఇరవై రోజులు, ఇంకొక్క ఇరవై రోజులు ఊరుకుని ఉంటే చచ్చిన కేసు ఇది. ప్రాణం పోసి, పోస్టు ఖర్చులు కూడా మీరే పెట్టుకుని పంపారు. చెప్పండి, ఎవరు రాసింది?"

నేను నోరు తెరిచాను. పిన్ని ముందు అనేసింది. "నేనే రాయించానండీ."

పిన్ని నాకేసి చూడలేదు.

అక్టోబర్ 15

కారణం చెప్పలేదు. ఫిబ్రవరిలోనే ఆ మూడు ముక్కలూ చెప్పుంటే? కారణం చెప్పకుండా ఊరుకోమనే హక్కు ఆయనకెక్కడిది?

అక్టోబర్ 16

కారణం చెప్పలేదు.

అక్టోబర్ 20

లైబ్రరీకి వెళ్ళి ఆ కరపత్రం మళ్ళీ చదివాను. అడుగున చిన్న అక్షరాల్లో: ఈ సమాచారం మిషిగన్ నివాసుల కోసం. మేము మిషిగన్ నివాసులమే. అబద్ధం ఎక్కడుంది?

స్టాండులో మిగిలిన పదహారు కరపత్రాలూ బ్యాగులో వేసుకుని వచ్చి రీసైక్లింగ్‌లో పడేశాను. సాయంత్రం తీసి మళ్ళీ పెట్టొచ్చాను. ఇక్కడివాళ్ళకి అది నిజమే కదా.

నవంబర్ 9

ఫ్రిజ్ మీద రంగుల కార్డులు లేవు. ఎవరు తీశారో అడగలేదు.

జనవరి 24, 2013

వాయిదా.

ఏప్రిల్ 6

వాయిదా. జడ్జిగారు సెలవు. లాయర్ ఈసారి ఫీజు వద్దన్నాడట. ఆయన మీద రాసిన మాటలు కొట్టెయ్యాలని ఫిబ్రవరి పేజీలు తీశాను. తీసి, చదివి, మూసేశాను. ఆయన బ్యాంకు మనిషి కాకపోవచ్చు. కానీ కారణం చెప్పలేదు.

ఆగస్టు 17

ఆర్డర్ వచ్చింది. పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీలో నేనున్నాను.

"రెండవ ప్రతివాది విద్యావంతురాలు, విదేశంలో ఉద్యోగి. 26-2-2012 నాటి ఆమె ఉత్తరం స్పష్టంగా, నిస్సందేహంగా ఉంది." ఆ వెంటనే నా పేరా. నేను ఇక్కడ దాచుకున్న అదే పేరా. దానిలోంచి "అంగీకరించము, చెల్లించము" తీసేసి, "హామీకి కట్టుబడి ఉన్నాము" కింద గీత గీశారు.

నేను రాసింది ఇంతవరకూ ఎవరూ అచ్చులో వెయ్యలేదు.

అప్పీలు చేసుకోవచ్చట. కానీ అప్పీలు వినాలంటేనే ముప్పాతిక వంతు ముందు కట్టాలి. తగ్గించమని అర్జీ పెట్టుకోవచ్చు, పెట్టుకున్నా ఎంతో కొంత కట్టాలి. కట్టగలిగినవాడు అప్పీలు దేనికి చేస్తాడు? దీన్ని న్యాయం అంటారు, బోర్డు కూడా తగిలిస్తారు.

ఆగస్టు 18

లాయర్ ఒక సందు చెప్పాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ ఉత్తరం రాసింది ఆ అమ్మాయేనని నాకు తెలుసమ్మా. కనకదుర్గ గారికి అంత ఇంగ్లీషు అర్థం కాదు, ఏం కాగితమో చెప్పకుండా సంతకం పెట్టించారు అని ఆ అమ్మాయి చేత అఫిడవిట్ ఇప్పించండి. డిపాజిట్ తగ్గించమని అడగడానికైనా కాస్త పట్టు దొరుకుతుంది. గ్యారంటీ ఇవ్వలేను."

"అది అబద్ధం," అన్నాను వెంటనే. "పిన్ని రెండుసార్లు చదివింది. ప్రమాణం చేసి అబద్ధం రాయను. వాళ్ళు అబద్ధాల మీద బతుకుతారు, మనం కూడానా?"

బాబాయి తలెత్తి నన్ను చూశాడు. పది నెలల్లో మొదటిసారి అంతసేపు చూశాడు. "రేణూ, నీ నిజం ఖరీదు మీ పిన్ని కడుతోందమ్మా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

పిన్ని అంది: "వద్దులెండి, అబద్ధం వద్దు. జరిగింది జరిగినట్టే రాయవే. దాంతో ఏమైనా అవుతుందేమో ఆయన చూస్తారు."

ఆగస్టు 19

జరిగింది జరిగినట్టు. ఒకటో పేరా, నా పేరు, వయసు, చిరునామా. రెండు, బ్యాంకు ఉత్తరం. మూడు, కరపత్రం. నాలుగు, ఉత్తరం నేను తయారు చేశాను. ఐదు, పిన్ని నన్ను లాయర్ గురించి అడిగింది. అందుకు నేను

ఆగస్టు 20

ఐదో పేరా దగ్గరే.

ఆగస్టు 24, శనివారం

చెప్పాను. పిన్ని బట్టలు మడతపెడుతోంది. నేను సాక్సులు జతలు కలుపుతున్నట్టు కూర్చుని, తల దించుకుని చెప్పాను. "ఆ రోజు నేను లాయర్‌తో మాట్లాడలేదు పిన్నీ."

"తెలుసు," అంది.

"ఎప్పుడు?"

"ఆయన 'ఎవరు రాసింది' అని అరిచాడే, అప్పుడే. నువ్వు మాట్లాడి ఉంటే ఆయనెందుకు అడుగుతాడు?"

పది నెలలు. పది నెలలుగా అదే చేత్తో నాకు అన్నం పెట్టింది. నా మీద అరవమని బతిమాలాలనిపించింది.

"మరి నన్ను ఒక్క మాట అనలేదేం?"

బాబాయి చొక్కా కాలర్ సరిచేసింది. మడత పెట్టింది. దాని మీద ఇంకోటి పెట్టింది.

"ఏమననూ? వీరభద్రం అన్నయ్య కూడా అంతే. 'మాట్లాడాను దుర్గా, నువ్వు ఊరికే సంతకం పెట్టు చాలు.' నువ్వూ ఆ మాటే అన్నావు, అక్షరం పొల్లుపోకుండా. నాకప్పుడే గుర్తొచ్చింది తెలుసా? పెన్ను పట్టుకున్నాక గుర్తొచ్చింది. ఛ, వాడు వేరు, ఇది వేరు, ఇది పుస్తకాలు చదివే పిల్ల అనుకున్నా."

సాక్సు ఒకటి మిగిలిపోయింది. జత దొరకలేదు.

నేను ఈ పుస్తకంలో ఆ మనిషిని పేరు పెట్టి ఎన్ని మాటలు రాశానో వెనక్కి తిప్పి చూశాను. నూతి గట్టు అని రాశాను. తలుపు తీయించే దొంగ అని రాశాను. అక్షరాలు నావే, చాలా కుదురుగా ఉన్నాయి.

సెప్టెంబర్ 3

ఐదో పేరా రాశాను. "లాయర్‌తో మాట్లాడానని ఆమెకు అబద్ధం చెప్పాను." ఇంగ్లీషులో ఆరు మాటలు. నోటరీ కుర్రాడు చదవకుండానే ముద్ర వేశాడు, "హావ్ ఎ గుడ్ వన్" అన్నాడు.

సెప్టెంబర్ 14

లాయర్ చదివాడు.

"నిజం రాశారమ్మా. బాగా రాశారు. కానీ పనికిరాదు. బ్యాంకు మోసం చేసి సంతకం పెట్టించుకుంటే అది వేరు సంగతి. ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళని మోసం చేసుకుంటే బ్యాంకుకేం సంబంధం?"

అబద్ధమైతే పనికొచ్చేది.

డిసెంబర్ 8

స్థలం వేలంలో పోయింది. మూడొందల గజాలు. కొన్నవాడు పోయిన ఏడాది దసరా దాకా ఆగమన్నవాడేనట, సగం ధరకి. మిగతా బాకీ బాకీగానే ఉంది. ఇండియాలో పిన్ని పేర ఇంకేం దొరికితే అది పట్టుకుంటారట, ఏమీ లేదు.

డెంటిస్ట్ ఆఫీసులో సెల్‌ఫోన్ రిపేర్ షాపు వచ్చింది. కిటికీలోంచి చూస్తే సింకులు పీకేస్తున్నారు.

"లిటిల్ చిల్లీస్ ఎప్పుడు ఓపెన్ చేస్తాం?" అని రియా ఇంకా అడుగుతోంది. ఎవరూ చెప్పలేదు దానికి. చెప్పాల్సింది నేనే.

డిసెంబర్ 15

చెప్పాను. రియా పూర్తిగా విని, "సో ఇట్ వాజ్ యూ," అని పైకి వెళ్ళిపోయింది.

జనవరి 11, 2014

థీసిస్ అయిపోయింది. టెక్సాస్‌లో, ప్లేనోలో ఉద్యోగం. ఫిబ్రవరి మూడున చేరాలి. అపార్ట్‌మెంట్ వాళ్ళు నాకు క్రెడిట్ హిస్టరీ చాలదని, ఎవరైనా హామీదారు సంతకం పెట్టాలని నాలుగు పేజీల ఫారం పంపారు. నేను అద్దె కట్టకపోతే వాళ్ళు కట్టాలి. కావాలంటే మూడు నెలల అద్దె ముందు డిపాజిట్ కట్టొచ్చు. నా దగ్గర ఒక నెలది కూడా లేదు.

మూడు రోజులు ఆ ఫారం బ్యాగులోనే ఉంది. బాబాయిని అడిగితే, "మా ఇద్దరి జీతాలూ చూపించాలంటున్నారు, మీ పిన్ని సంతకం కూడా ఉండాలి. దుర్గని అడుగు," అన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం అడిగాను. ఎవరితో మాట్లాడానని చెప్పలేదు. ఊరికే అనే మాట నోట రానివ్వలేదు. "ఇదీ కాగితం పిన్నీ, ఇందులో ఏముందో మొత్తం చదువు," అన్నాను.

పిన్ని కౌంటర్ దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. ఒకటో పేజీ చదివింది, వెనక్కి తిప్పి చదివింది. ఖాళీల దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ ఏం రాస్తారు?" అని అడిగింది. చెప్పాను. చిన్న అక్షరాలు వెలుగుకి పట్టుకుని చదివింది. నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ పెన్ను ఆమె చేతిలోనే ఉంది, మూత తీసి ఉంది.

నాలుగో పేజీ చివర, గీత దగ్గర ఆగింది.

తర్వాత పెన్నుకి మూత పెట్టింది. నాలుగు కాగితాలూ అంచులు కలిపి నా వైపు జరిపింది.

"నేను పెట్టనే రేణూ," అంది. "అన్నం తిందువుగాని రా. గోంగూర చేశా."

వెళ్ళి తిన్నాను.

ప్లేనో వాళ్ళకి ఇంకా జవాబు రాయలేదు.